లాటిన్ కప్: స్వల్పాయువు, చిరఫలం

క్రీడాచరిత్రను చదివేవారిలో చాలామంది విజేతల పేర్లు, గోల్స్ సంఖ్యలు మాత్రమే గుర్తుంచుకుంటారు. ఆ పోటీని ఎవరు ప్రారంభించారు, ఏ నియమాలతో నడిపారు, అది ఎందుకు నిలిచింది లేక ఎందుకు ఆగిపోయింది అనే ప్రశ్నలు వేసుకునేవారు తక్కువ. రాజ్యాలకు, సాహిత్య సంస్థలకు, పత్రికలకు ఉన్నట్లే క్రీడాపోటీలకు కూడ జననం, వికాసం, అవసానం ఉంటాయి. 1888లో సిమ్లాలో ప్రారంభమైన మన డ్యూరాండ్ కప్ నేటికీ జీవించి ఉన్నది. కొన్ని పోటీలు మాత్రం పదేళ్లు నిండకుండానే అంతరించాయి. అంతరించినంత మాత్రాన అవి నిష్ఫలమైనవేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికేందుకు తగిన ఉదాహరణగా, పశ్చిమ ఐరోపాలో 1949 నుండి 1957 వరకు జరిగిన లాటిన్ కప్ అనే ఫుట్‌బాల్ పోటీని ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

నేటి విద్యార్థులు అర్ధరాత్రి మేల్కొని ఛాంపియన్స్ లీగ్ ఆటలను చూస్తున్నారు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, మిలాన్ వంటి పేర్లు వారికి కంఠస్థం. కాని ఈ జట్లన్నీ ఒకనాడు లాటిన్ కప్ కొరకు పోరాడినవేనని ఎరిగినవారు అరుదు. మహావృక్షాన్ని చూచినవారు దాని చెంతనే మొలిచి ఎండిపోయిన తొలి మొక్కను గమనించరు గదా!

పేరులోని అర్థం

భాషాధ్యయనం చేసేవారికి ఈ పోటీ పేరే మొదట ఆసక్తి కలిగిస్తుంది. పాల్గొన్న దేశాలు నాలుగు: ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్. ఈ నాలుగు దేశాల భాషలూ ప్రాచీన రోమనులు వ్యవహరించిన లాటిన్ భాష నుండి పుట్టినవే. నీటిని లాటిన్‌లో ‘ఆక్వా’ అన్నారు. అదే ఇటాలియన్‌లో ‘ఆక్వా’గా నిలిచి, స్పానిష్, పోర్చుగీసు భాషల్లో ‘ఆగ్వా’గా మారి, ఫ్రెంచిలో అరిగి అరిగి ‘ఓ’ అనే ఒక్క అచ్చుగా మిగిలింది. మన ‘కన్ను’ తమిళంలో ‘కణ్’ అనీ, కన్నడంలో ‘కణ్ణు’ అనీ వినబడటం ఇటువంటిదే. ద్రావిడ భాషలు సోదర భాషలైనట్లే ఆ నాలుగూ సోదర భాషలు. ఆ సోదరత్వాన్ని ఆధారం చేసుకొని ఏర్పడిన పోటీ గనుక దానికి లాటిన్ కప్ అనే పేరు వచ్చింది.

అయితే భాషాబంధుత్వం ఒక్కటే పోటీని నడపజాలదు. ఆ నాలుగు దేశాలు కలిసి ఆడవలసిన అవసరం ఆనాటి పరిస్థితుల నుండి పుట్టింది.

ఆనాటి పరిస్థితులు

రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం మధ్య ఐరోపాలో మిట్రోపా కప్ అనే పోటీ ఉండేది. ఆస్ట్రియా ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కైన హ్యూగో మైస్ల్ చొరవతో 1927లో అది ప్రారంభమైంది. వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్ నగరాల జట్లు అందులో ఆడేవి. తరువాత ఇటలీ జట్లు కూడ చేరాయి. వివిధ దేశాల క్లబ్బులు ఒక కప్పు కొరకు క్రమబద్ధంగా పోరాడవచ్చునని అది నిరూపించింది. కాని యుద్ధం దానిని మింగివేసింది. యుద్ధానంతరం ఐరోపా తూర్పు పడమరలుగా చీలిపోయింది. మునుపటి పోటీని మునుపటి రీతిలో వెంటనే తిరిగి నిలబెట్టడం సాధ్యం కాలేదు.

పడమటి దేశాల్లోనూ పరిస్థితి సుగమంగా లేదు. ఇటలీ యుద్ధంలో ఓడి, 1946లో రాజరికాన్ని తొలగించి గణతంత్రంగా మారింది. ఫ్రాన్స్ జర్మనుల ఆక్రమణ నుండి బయటపడి పునర్నిర్మాణంలో మునిగి ఉన్నది. పోర్చుగల్‌లో సలజార్ నిరంకుశ పాలన, స్పెయిన్‌లో జనరల్ ఫ్రాంకో నిరంకుశ పాలన సాగుతున్నాయి. ఫ్రాంకో ప్రభుత్వాన్ని నిరసిస్తూ ఫ్రాన్స్ 1946లో స్పెయిన్ సరిహద్దును మూసివేసి 1948లో గాని తెరవలేదు. సభ్యదేశాలు మాడ్రిడ్ నుండి తమ రాయబారులను వెనుకకు పిలిపించవలసిందిగా 1946 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు 1950 నవంబరు వరకు రద్దు కాలేదు.

ఈ తేదీలను గమనించినప్పుడు ఒక విశేషం బోధపడుతుంది. రాయబారుల రాకపోకలపై ఆంక్ష ఉన్న కాలంలోనే, 1949 వేసవిలో, ఫ్రెంచి, ఇటాలియన్, పోర్చుగీసు ఆటగాళ్లు స్పెయిన్ మైదానాల్లో దిగి ఆడారు. ప్రభుత్వాలు మూసిన తలుపును ఆట కొంత తెరిచిందని దీనిని మెచ్చుకోవచ్చు. అదే సమయంలో, లోకం వెలివేసిన పాలకునికి ఆ ఆటలు కొంత గౌరవాన్ని సమకూర్చాయనే విమర్శను కూడ కాదనలేము. క్రీడ రాజకీయాలకు అతీతమని మనం తరచుగా అంటాము. అతీతంగా ఉండాలని కోరుకోవడం వేరు, ఉన్నదని నమ్మడం వేరు. చరిత్ర విద్యార్థి ఈ రెంటి భేదాన్ని మరువరాదు.

పోటీ నియమాలు

నాలుగు దేశాల ఫుట్‌బాల్ సమాఖ్యలు కలిసి ఈ పోటీని ఏర్పాటు చేశాయి. నేడు ఐరోపా ఫుట్‌బాల్‌ను శాసిస్తున్న యూఎఫా సంస్థ అప్పటికి పుట్టనే లేదు. అది 1954 జూన్‌లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఏర్పడింది. కనుక లాటిన్ కప్ ఒక ఖండం మొత్తానికి చెందిన అధికారిక పోటీ కాదు, నాలుగు ఇరుగుపొరుగు దేశాలు చేసుకున్న ఒడంబడిక.

విధానం సరళమైనది. లీగు పోటీలు ముగిసిన తరువాత, అంటే వేసవి ప్రారంభంలో, నాలుగు దేశాల ఛాంపియన్ జట్లు ఒక దేశంలో సమావేశమవుతాయి. రెండు సెమీఫైనల్ ఆటలు, మూడవ స్థానం కొరకు ఒక ఆట, చివరకు ఫైనల్. కొద్ది రోజుల్లో అంతా పూర్తి. ఆతిథ్యం ఒక్కొక్క సంవత్సరం ఒక్కొక్క దేశానిది: 1949లో స్పెయిన్, 1950లో పోర్చుగల్, 1951లో ఇటలీ, 1952లో ఫ్రాన్స్.

ఇక్కడొక విచిత్రమైన నిబంధన ఉన్నది. గెలిచిన జట్టుకు నాలుగు పాయింట్లు, తరువాతి జట్లకు వరుసగా మూడు, రెండు, ఒకటి. ఈ పాయింట్లు జట్టు ఖాతాలో గాక దేశం ఖాతాలో చేరుతాయి. నాలుగు పోటీలు కలిపి ఒక ఆవృత్తంగా లెక్కించి, అధిక పాయింట్లు గల దేశాన్ని మొత్తం మీద విజేతగా ప్రకటిస్తారు. రెండు ఆవృత్తాల్లోనూ స్పెయినే ప్రథమస్థానంలో నిలిచింది. అనగా ఆడేది క్లబ్బు, తుది లెక్క దేశానిది. ఈ ద్వంద్వ స్వభావం పోటీ బలహీనతలలో ఒకటిగా పరిణమించిందని ముందు చూడగలము.

దుఃఖంతో ఆరంభం

మొదటి పోటీ ఒక మహా విషాదం నీడలో జరిగింది. ఆ కాలంలో ఇటలీలో టొరినో జట్టుకు సాటి లేదు. 1949 మే నెలలో ఆ జట్టు లిస్బన్‌లో బెన్‌ఫికా జట్టుతో ఒక స్నేహపూర్వకమైన ఆట ఆడి తిరిగి వస్తున్నది. మే 4వ తేదీన ట్యూరిన్ నగర సమీపంలోని సుపెర్గా కొండపై ఉన్న ప్రార్థనాలయపు గోడకు వారి విమానం ఢీకొన్నది. విమానంలో ఉన్న 31 మందీ మరణించారు. వారిలో 18 మంది ఆటగాళ్లు. లీగులో మిగిలిన నాలుగు ఆటలను టొరినో తన యువజట్టుతో ఆడింది. ప్రత్యర్థులు కూడ తమ యువజట్లనే బరిలోకి దింపి సానుభూతిని చాటుకున్నారు. ఛాంపియన్ పదవి టొరినోకే దక్కింది.

ఆ ఛాంపియన్ హోదాలోనే టొరినో లాటిన్ కప్‌కు వెళ్లింది. పోయినవారి స్థానంలో వేరే ఆటగాళ్లను కూర్చి, దుర్ఘటన జరిగి రెండు మాసాలైనా నిండకముందే, పరదేశంలో పోటీకి దిగింది. సెమీఫైనల్‌లో లిస్బన్ నగరపు స్పోర్టింగ్ జట్టు చేతిలో 3-1 తేడాతో ఓడింది. కాని మూడవ స్థానం కొరకు జరిగిన ఆటలో ఫ్రెంచి ఛాంపియన్ రీమ్స్‌ను 5-3తో ఓడించింది. ఆ మూడవ స్థానం విలువ ఏ తూకానికీ అందేది కాదని మేము భావిస్తున్నాము. ఫైనల్ మాడ్రిడ్‌లో జరిగింది. బార్సిలోనా జట్టు స్పోర్టింగ్‌ను 2-1తో ఓడించి తొలి కప్పును గెలుచుకున్నది.

తరువాతి పోటీలు

1950లో లిస్బన్‌లో జరిగిన ఫైనల్ ఓర్పుకు పరీక్షగా నిలిచింది. బెన్‌ఫికా, ఫ్రాన్స్‌కు చెందిన బోర్డో జట్లు అదనపు సమయం ఆడి కూడ 3-3తో సమంగా నిలిచాయి. వారం తరువాత మళ్లీ ఆడించారు. ఈసారి బోర్డో ముందంజలో ఉండగా నిర్ణీత సమయపు చివరి క్షణాల్లో బెన్‌ఫికా సమం చేసింది. అదనపు సమయం మీద అదనపు సమయం గడిచింది. చివరకు 146వ నిమిషంలో జులిన్యో కొట్టిన గోలుతో బెన్‌ఫికా 2-1తో గెలిచింది. ఈనాడు ఇటువంటి సందర్భాల్లో పెనాల్టీ కిక్కులతో కొద్ది నిమిషాల్లో ఫలితం తేలుస్తున్నారు. ఆనాడు ఆటగాని ఊపిరితోనే తేల్చవలసి వచ్చేది.

1951లో ఇటలీ ఆతిథ్యంలో మిలాన్ జట్టు గెలిచింది. స్వీడన్ దేశస్థులైన గ్రెన్, నార్దాల్, లీడ్‌హోమ్ అనే త్రయం ఆ జట్టుకు ప్రాణం. ఫైనల్‌లో ఫ్రెంచి జట్టు లీల్‌పై మిలాన్ 5-0తో ఘనవిజయం సాధించింది. అయితే న్యాయదృష్టితో చూచేవారు మరొక విషయం గమనించాలి. లీల్ జట్టు స్పోర్టింగ్‌తో సెమీఫైనల్ 1-1గా ముగియగా దానిని తిరిగి ఆడి, 6-4తో గెలిచి, అలసిన కాళ్లతో ఫైనల్‌కు వచ్చింది. కొద్ది రోజుల్లో అన్నీ ముగించాలనే ఏర్పాటులోని కష్టం ఇక్కడ బయటపడింది.

1952లో పారిస్‌లో బార్సిలోనా రెండవసారి గెలిచింది. నీస్ జట్టుపై సీజర్ అనే ఆటగాడు కొట్టిన ఏకైక గోలు ఫలితాన్ని నిర్ణయించింది. ఆ సంవత్సరం బార్సిలోనా ఐదు కప్పులు గెలుచుకోగా, వాటిలో లాటిన్ కప్ ఒకటి. 1953లో లిస్బన్‌లో రీమ్స్ జట్టు మిలాన్‌ను 3-0తో ఓడించి ఫ్రాన్స్‌కు తొలి విజయం తెచ్చింది. ఆ జట్టులోని రేమండ్ కోపా పోలండు నుండి వలస వచ్చిన గని కార్మికుల కుటుంబంలో పుట్టినవాడు. బాల్యంలో తాను కూడ గనిలో పనిచేసి, అక్కడి ప్రమాదంలో ఒక వేలి భాగాన్ని పోగొట్టుకున్నవాడు. బొగ్గు గని నుండి వచ్చిన ఆ యువకుడు అనంతరకాలంలో ఐరోపాలోని మేటి ఆటగాళ్లలో ఒకడైనాడు.

1954లో స్విట్జర్లాండులో ప్రపంచకప్ జరిగినందువలన లాటిన్ కప్ జరగలేదు. 1955లో పారిస్‌లో తిరిగి ప్రారంభమైంది. ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ 2-0తో రీమ్స్‌ను ఓడించింది. రెండు గోల్స్ కొట్టినవాడు ఎక్టర్ రియాల్. ఈ ఆటను విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. దీని ప్రాముఖ్యం తరువాత వివరిస్తాము. 1956లో మిలాన్ నగరంలో మిలాన్ జట్టు స్పెయిన్ ఛాంపియన్ అత్లెతిక్ బిల్బావోను 3-1తో ఓడించింది. 1957 జూన్‌లో మాడ్రిడ్‌లో డి స్టెఫానో కొట్టిన గోలుతో రియల్ మాడ్రిడ్ 1-0తో బెన్‌ఫికాపై గెలిచింది. అదే చివరి లాటిన్ కప్.

మొత్తం ఎనిమిది పోటీలు. బార్సిలోనా, మిలాన్, రియల్ మాడ్రిడ్ రెండేసి సార్లు, బెన్‌ఫికా, రీమ్స్ ఒక్కొక్కసారి విజేతలు.

లోపాలు ఎక్కడ ఉన్నాయి?

ఆట బాగున్నది, జట్లు గొప్పవి, ప్రేక్షకులూ వచ్చారు. మరి పోటీ ఎందుకు ఆగిపోయింది? పై వివరాలను పట్టికగా వేసుకొని పరిశీలిస్తే నాలుగు లోపాలు కనబడుతాయి.

మొదటిది, ఛాంపియన్ల గైర్హాజరు. ఇది ఛాంపియన్ల పోటీ అని పేరు. కాని నాలుగు దేశాల ఛాంపియన్లూ వచ్చినవి ఎనిమిదింటిలో మూడు మాత్రమే: 1949, 1952, 1957. 1950లో ఇటలీ ఛాంపియన్ యువెంటస్‌కు బదులు లాజియో వచ్చింది. 1951లో ఫ్రాన్స్ నుండి నీస్‌కు బదులు లీల్ ఆడింది. 1953లో స్పెయిన్ నుండి బార్సిలోనాకు బదులు వాలెన్సియా, ఇటలీ నుండి ఇంటర్‌కు బదులు మిలాన్ వచ్చాయి. 1955లో పోర్చుగల్ ఛాంపియన్ బెన్‌ఫికా స్థానంలో బెలెనెన్సెస్ కనిపించింది. 1956లో ఫియోరెంటీనా, పోర్టో జట్లు లేవు. వాటికి బదులు మిలాన్, బెన్‌ఫికా ఆడాయి. పెండ్లికొడుకు రాని పెండ్లికి ఎన్ని బాజాలు మోగినా ఏమి ప్రయోజనం?

రెండవది, కాలనిర్ణయం. పోటీ జరిగేది లీగు ముగిసిన తరువాత. ఏడాది పొడవునా ఆడి అలసిన ఆటగానికి అది విశ్రాంతి తీసుకోవలసిన సమయం. దక్షిణ ఐరోపాలో ఎండలు ముదిరే రోజులు. పైగా 1954లో ప్రపంచకప్ వచ్చినందువలన దీనికి చోటే దొరకలేదు.

మూడవది, ఆతిథ్యం వలన కలిగే మొగ్గు. ఎనిమిది పోటీల్లో ఐదింటిలో ఆతిథ్య దేశపు జట్టే గెలిచింది: 1949, 1950, 1951, 1956, 1957. సొంత నేల, సొంత ప్రేక్షకులు ఒకరికే లభించినప్పుడు ఫలితంపై సందేహం మిగలడం సహజం. పారిస్‌లో గెలిచిన బార్సిలోనా, లిస్బన్‌లో గెలిచిన రీమ్స్, పారిస్‌లో గెలిచిన రియల్ మాడ్రిడ్ అందువలననే అధికమైన ప్రశంసకు పాత్రమైనవి.

నాలుగవది, మూసిన ద్వారం. ఆనాడు ఐరోపాలో అత్యంత ప్రతిభావంతమైన ఆట ఆడుతున్నది హంగెరీ. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రియా, యుగోస్లావియా దేశాల్లో బలమైన జట్లు ఉన్నాయి. భాషాబంధుత్వమనే గీత గీసుకున్నందువలన వీరెవ్వరికీ ప్రవేశం లేదు. దీనికి తోడు పాయింట్లు దేశానికి చేరడం వలన క్లబ్బు అభిమానికి పోటీపై పూర్తి మమకారం ఏర్పడలేదు. బంధుత్వం ఏ పనినైనా ప్రారంభించడానికి మంచి ఆధారమే. పనికి అదే ఎల్లగా మారితే ఎదుగుదల ఆగుతుంది.

వారసుని రాక

1954 డిసెంబరులో ఇంగ్లండుకు చెందిన వుల్వర్‌హాంప్టన్ జట్టు తన మైదానంలో హంగెరీ జట్టు హాన్‌వెడ్‌ను 3-2తో ఓడించింది. వెంటనే ఇంగ్లీషు పత్రికల్లో ఆ జట్టును ప్రపంచ ఛాంపియన్‌గా కీర్తించడం జరిగింది. పారిస్‌లోని ‘లెకిప్’ క్రీడాపత్రిక సంపాదకవర్గంలో గాబ్రియేల్ అనో అనే పూర్వపు ఫ్రెంచి ఆటగాడు ఉండేవాడు. ఆయన ఈ కీర్తనను అంగీకరించలేదు. ఆ మాట అనే ముందు ఆ జట్టు మాస్కోకు, బుడాపెస్ట్‌కు వెళ్లి గెలిచి చూపాలనీ, మిలాన్, రియల్ మాడ్రిడ్ వంటి జట్లు కూడ ఉన్నాయనీ వాదించాడు. ఐరోపా క్లబ్బులన్నింటికీ ఒక పోటీ కావాలని ప్రతిపాదించాడు. 1955 ఏప్రిల్‌లో క్లబ్బుల ప్రతినిధులు పారిస్‌లో సమావేశమైనారు. అనంతరం యూఎఫా ఆ పోటీ బాధ్యత స్వీకరించింది. 1955 సెప్టెంబరు 4న లిస్బన్‌లో స్పోర్టింగ్, పార్టిజాన్ జట్ల మధ్య 3-3తో ముగిసిన ఆటతో యూరోపియన్ కప్ ప్రారంభమైంది. 1992లో ఛాంపియన్స్ లీగ్‌గా పేరు మార్చుకున్నది ఆ పోటీయే.

ఈ కొత్త పోటీ నియమాలను పాతదానితో పోల్చి చూడండి. వేసవిలో గాక సీజను పొడవునా, వారం మధ్య రోజుల్లో ఆటలు. ఫైనల్ తప్ప ప్రతి దశలోనూ ఒక ఆట మన ఊళ్లో, ఒక ఆట వారి ఊళ్లో. ప్రవేశం భాషను బట్టి గాక ఖండమంతటికీ. మొదటి సంవత్సరం పత్రిక ఆహ్వానించిన 16 జట్లు ఆడినా, రెండవ సంవత్సరం నుండి లీగు ఛాంపియన్లు, క్రితం సారి విజేత అర్హులైనారు. గౌరవం దేశానికి గాక నేరుగా క్లబ్బుకే. లాటిన్ కప్‌లోని నాలుగు లోపాలకూ నాలుగు సమాధానాలు ఇందులో దొరుకుతాయి. విమానయానం సులభం కావడం, మైదానాలలో విద్యుద్దీపాలు వెలగడం ఈ మార్పుకు తోడ్పడ్డాయి.

ఇప్పుడు 1955 నాటి ఫైనల్‌ను గుర్తుకు తెచ్చుకుందాము. ఆ జూన్‌లో పారిస్ పార్క్ దే ప్రాన్స్ మైదానంలో రియల్ మాడ్రిడ్, రీమ్స్ ఆడాయి. రియాల్ రెండు గోల్స్ కొట్టాడు. సరిగా ఏడాది తిరిగేసరికి, 1956 జూన్ 13న, అదే మైదానంలో అవే రెండు జట్లు తొలి యూరోపియన్ కప్ ఫైనల్ ఆడాయి. రీమ్స్ పది నిమిషాల్లోనే 2-0 ఆధిక్యం పొందినా రియల్ మాడ్రిడ్ 4-3తో గెలిచింది. రియాల్ మళ్లీ రెండు గోల్స్ కొట్టాడు. ఆ కొత్త పోటీలో సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లలో మూడు, అనగా రియల్ మాడ్రిడ్, రీమ్స్, మిలాన్, 1955 లాటిన్ కప్‌లో ఆడినవే. పాత పోటీ కొత్త పోటీకి అభ్యాసవేదికగా పనిచేసిందనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

మరికొంత ముందుకు పోదాము. యూరోపియన్ కప్‌ను 1956 నుండి 1960 వరకు ఐదుసార్లు రియల్ మాడ్రిడ్, 1961, 1962లలో బెన్‌ఫికా, 1963లో మిలాన్ గెలిచాయి. ఈ మూడూ లాటిన్ కప్ విజేతలే. 1966 వరకు జరిగిన 11 ఫైనల్స్‌లో ఆడవలసిన 22 స్థానాలకు గాను 20 స్థానాలు ఆ నాలుగు దేశాల జట్లే ఆక్రమించాయి. 1967లో స్కాట్లండు జట్టు సెల్టిక్ గెలిచేవరకు కప్పు ఆ దేశాల ఎల్లలు దాటలేదు. దీనికంతటికీ లాటిన్ కప్ ఒక్కటే కారణమని మేము అనము. ఆ క్లబ్బుల ధనబలం, మేటి విదేశీ ఆటగాళ్లను చేర్చుకొనే నేర్పు కూడ కారణాలే. కాని పరదేశపు గడ్డపై, పరదేశపు పద్ధతులకు ఎదురుగా, కప్పు కొరకు ఆడే అలవాటు వారికి అప్పటికే ఏర్పడి ఉన్నదన్నది నిర్వివాదం.

1957లో రియల్ మాడ్రిడ్ మే 30న యూరోపియన్ కప్‌ను, నెల తిరగకుండానే జూన్‌లో లాటిన్ కప్‌ను, రెంటినీ తన మైదానంలోనే గెలిచింది. రెండు కప్పులు పక్కపక్కన నిలిచినప్పుడు ఏది పెద్దదో లోకానికి తెలిసిపోయింది. మరుసటి సంవత్సరం స్వీడన్‌లో ప్రపంచకప్. లాటిన్ కప్‌ను తిరిగి నిలబెట్టడం జరగలేదు.

మనకు దీని వలన కలిగే పాఠం

దూరదేశపు ఆట గురించి ఇంత విపులంగా వ్రాయడంలో మాకొక ఉద్దేశం ఉన్నది. మన విద్యాసంస్థల్లో ఏటేటా ఎన్నో కార్యక్రమాలు ప్రారంభమవుతాయి. అంతర్ కళాశాల క్రీడాపోటీలు, సాహితీ సమితులు, ముషాయిరాలు, వక్తృత్వ పోటీలు, గోడపత్రికలు. ప్రారంభోత్సవానికి పూలదండలు, పెద్దల ప్రసంగాలు లోపించవు. రెండు మూడేళ్లకు వాటి పేరు చెప్పేవారు ఉండరు. ఆగిపోయినదాన్ని తలచుకొని నిట్టూర్చడం లేక ఎవరినో నిందించడం మన అలవాటు. ఎందుకు ఆగిందో పట్టిక వేసి చూచుకొనే అలవాటు తక్కువ.

లాటిన్ కప్‌కు వేసిన నాలుగు ప్రశ్నలనే మన కార్యక్రమాలకూ వేయవచ్చు. ఉత్తములైనవారు నిజంగా పాల్గొంటున్నారా, లేక బదులు మనుషులతో సరిపెడుతున్నామా? కాలం తగినదేనా, లేక పరీక్షల ముందు అలసిన విద్యార్థులపై మోపుతున్నామా? నియమాలు అందరికీ సమానమేనా, లేక నిర్వహించేవారికే మొగ్గు కలుగుతున్నదా? ద్వారం తెరిచి ఉన్నదా, లేక మన భాషవారు, మన తరగతివారు అనే గీత గీసుకున్నామా? ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే ప్రాంగణంలో చదివే మన వంటి కళాశాలకు ఈ చివరి ప్రశ్న మరింత ముఖ్యమైనది. ఉర్దూ సాహితీ సభకు తెలుగు విద్యార్థి, తెలుగు సభకు ఉర్దూ విద్యార్థి శ్రోతలుగా వచ్చిన నాడు రెండు సభలూ బలపడుతాయి. కళాశాల పాలకవర్గ పెద్దలు కొత్త కార్యక్రమాలకు అనుమతి ఇచ్చేటప్పుడు ఈ ప్రశ్నలను దృష్టిలో ఉంచుకొనవలసిందిగా సవినయంగా మనవి చేస్తున్నాము.

విద్యార్థులకు మరొక మాట. ఎనిమిది పోటీలతో ముగిసిన లాటిన్ కప్‌ను బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ క్లబ్బులు ఈనాటికీ తమ విజయాల పట్టికలో చూపుకుంటున్నాయి. తేదీలు, ఫలితాలు, ఆటగాళ్ల పేర్లు భద్రపరిచినవారు ఉన్నందువలననే మనం నేడు ఆ పోటీ గుణదోషాలను విచారించగలిగాము. కనుక మీరు ఏ సమితిని స్థాపించినా దాని వివరాలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. మీరు చదువు ముగించి వెళ్లిన తరువాత ఆ సమితి ఆగిపోవచ్చు. కాని ఆ పుస్తకం దొరికిన మరొక తరం, మీ లోపాలను సవరించుకొని, మీరు చేయలేనిదాన్ని చేయగలుగుతుంది.